విజయాపానకము

అమరసింహుడు భంగా శబ్దాన్ని వైశ్యవర్గంలో, ధాన్యాల నడుమ కూర్చోబెట్టాడు. దానికి ఆయన ఇచ్చిన పర్యాయపదం మాతులాని. మేనమామ భార్యకూ అదే పేరు. మేము అమరం వల్లె వేసే రోజుల్లో ఈ చోటికి వచ్చేసరికి మా గురువుగారు చిరునవ్వు నవ్వి, "అత్త వేరు, ఆకు వేరు నాయనా, సందర్భం చూచుకోండి" అనేవారు. పాణిని మహర్షి ఐదవ అధ్యాయంలో నువ్వులు, మినుములు, అవిసెలతోపాటు దీనిని కూడా చేర్చి, అది పండే పొలాన్ని భాంగ్యమనీ భాంగీనమనీ రెండు విధాల అనవచ్చునన్నాడు. అనగా ఆనాటికి అది నలుగురి పొలాల్లో నారకూ గింజకూ పెరిగే పైరు. దానికి పొలం పేరు కావలసి వచ్చిందే కాని పోలీసు ఠాణా కావలసి రాలేదు.

వైద్యులు మరొక దారిన వచ్చారు. శార్ఙ్గధరుడు ఔషధాల గుణాలను విభజిస్తూ 'వ్యవాయి' అనే ఒక తరగతి చెప్పాడు. జీర్ణం కాకముందే ఒళ్ళంతా వ్యాపించి, ఆ తరువాతనే పాకానికి వచ్చేది వ్యవాయి. దానికి ఉదాహరణలు భంగా, నల్లమందు. విజయ, సిద్ధి అనే ముద్దు పేర్లు కూడా ఈ మొక్కకున్నాయి. మన తెలుగువాడికి మాత్రం ఇది గంజాయి. సామెతలో అది తులసికి ప్రతిపక్షం. 'గంజాయివనంలో తులసిమొక్క' అన్న జాతీయానికి సొంతవాక్యం వ్రాయుమని ముప్పది యేండ్లు ప్రశ్నపత్రాల్లో అడిగినవాణ్ణి నేను. పిల్లలు ఎక్కువమంది ప్రహ్లాదుణ్ణి పట్టుకొచ్చేవారు. రెండేసి మార్కులు వేసేవాణ్ణి.

ఇప్పుడీ ప్రస్తావన ఎందుకంటే, ఈ మొక్కతో చేసిన పానీయాలను రెండు చోట్ల, రెండు ఖండాల్లో చూచే అవకాశం నాకు కలిగింది. మూడవ చోట దాని పేరు ఒక అభియోగపత్రంలో చదివాను. మూడింటినీ ఒకచోట పెట్టి చూడవలెనని కొంతకాలంగా మనసులో ఉన్నది.

మొదటిది కాశి. 2019 మాఘమాసంలో మా దంపతులం తొమ్మిది రాత్రుల నిద్రకు వెళ్ళాము. తెలుగువారందరూ దిగే మానససరోవర ఘట్టపు వీథుల్లోనే దిగాము. అక్కడి నుండి గోదౌలియా కూడలికి నడచి వెళ్తే దారిపొడవునా ఠండాయి అంగళ్ళు. ఠండాయి అంటే చల్లనిది. మన పానకం వంటిదే గాని పాలతో చేస్తారు. అంగటివాడు ముందు అడిగే ప్రశ్న ఒకటే: సాదాయా, బూటీ వేసినదా? బూటీ అంటే ఆకు ముద్ద. దానిని అమ్మే దుకాణం వేరుగా ఉంటుంది. ఆబ్కారీ శాఖవారి లైసెన్సు బోర్డు కట్టుకొని, దేవాలయ మార్గంలోనే, ఏ సంకోచమూ లేకుండా ఉంటుంది. మా ఆవిడ ఆ బోర్డు చూచి "సర్కారువారే అమ్మిస్తున్నారా?" అని విస్తుపోయింది.

నేను ఒక అంగడి అరుగు మీద దాదాపు రెండు గంటలు కూర్చొని ఆ తయారీ చూచాను. డెబ్బది దాటిన ముదుసలి. ఎండిన ఆకును రాత్రి నానవేసి ఉంచాడు. తెల్లవారి గుడ్డలో మూటకట్టి నీళ్ళు మార్చి మార్చి పిండుతున్నాడు. మొదటి నీళ్ళు చిక్కని కషాయపు రంగు. నాలుగైదు మార్లయ్యేసరికి తేటపడ్డాయి. ఆ నీళ్ళన్నీ కాలువలో పోశాడు. సారమంతా పోయింది కదా అని నాకు తోచింది. పోయేది చేదూ, రంగూ, మట్టీ మాత్రమే. మత్తు నీటిలో కరగదు, అది జిడ్డు జాతిది. ఆ ముదుసలికి రసాయనశాస్త్రం తెలియదు, ఆ చేతులకు తెలుసు.

పిమ్మట సన్నికల్లు మీద మిరియాలతో కలిపి నూరడం. ఆ నూరుడు ఒక తపస్సు. ముద్ద ఎంత మెత్తబడవలెనంటే, పొత్రాన్ని పైకెత్తితే దానికి అంటుకొని సన్నికల్లు కూడా లేవవలెనట! లేవగా నేను చూడలేదు గాని, కాశీవాసులు ఆ మాట చెప్పేటప్పుడు నవ్వరు. వేరొక రాతి మీద బాదంపప్పు, సోపు, కర్బూజా గింజలు, గసగసాలు, ఏలకులు, గులాబీ రేకులు నూరి పాలలో కలిపి వడగట్టాడు. చివర పంచదార. ఉసిరికాయంత పచ్చని ముద్ద అందులో పడితే అది బూటీ ఠండాయి, పడకపోతే సాదా. వెన్న తీయని పాలు కావడం ఇక్కడ ముఖ్యం. నీటికి లొంగని జిడ్డుసారం పాలలోని వెన్నకు లొంగుతుంది.

నేను అర గ్లాసు త్రాగాను. దాచవలసిన పని లేదు. ముదుసలి వేలు చూపి, గంట దాటేదాకా రెండవ గ్లాసు మాట ఎత్తవద్దన్నాడు. ఎత్తలేదు. గంట వరకు ఏమీ లేదు. సాయంకాలం దశాశ్వమేధ ఘట్టం మెట్ల మీద హారతికోసం కూర్చొని, అలవాటుకొద్దీ మనసులో ఒక మత్తేభానికి గణవిభజన చేస్తున్నాను. మత్తేభానికి యతి పదునాల్గవ అక్షరం మీద. మొదటి అక్షరం నుండి బయలుదేరి ఆ పదునాల్గవ దానిని చేరేసరికి అస్సీ నుండి రాజఘాటు దాకా నడచినంత కాలం పట్టినట్లయింది! మధ్యలో ఏ గణంలో ఉన్నానో మరచి మళ్ళీ మొదటికి వచ్చేవాణ్ణి. అందులో విసుగు లేదు, పైగా ప్రతి లఘువూ కొత్తగా పుట్టినట్లుంది. నేను వ్రేళ్ళు మడచి లెక్కపెట్టుకోవడం చూచి మా ఆవిడ, "మీకు వ్యాకరణం ముందే ఎక్కువ, దానికి ఇది తోడయిందా?" అన్నది. రాత్రి పది గంటలకు దిగింది. గొంతు ఎండడం తప్ప మరునాడు ఏ బాధా లేదు.

శార్ఙ్గధరుని వ్యవాయికీ నా గంటన్నర నిరీక్షణకూ పొత్తు కుదరలేదని అప్పుడే సందేహం కలిగింది. నేటి శాస్త్రం చెప్పేది వేరు. త్రాగిన సారం పేగుల ద్వారా కాలేయానికి పోతుంది, అక్కడ మరింత బలమైన రూపం పొంది నెత్తురులో కలుస్తుంది. కావున ఆలస్యంగా ఎక్కుతుంది, ఆలస్యంగా దిగుతుంది. పొగ అయితే నిమిషాల్లో పని చేస్తుంది. ఆలస్యం తెలియని కుర్రవాళ్ళు 'ఏమీ కాలేదే' అని రెండవదీ మూడవదీ త్రాగడం వల్లనే హోలీనాడు ఆసుపత్రుల పాలవుతారు. మరొక చిక్కు కూడా ఉన్నది. పచ్చి ఆకులో మత్తు మత్తుగా ఉండదు, ఆమ్లరూపంలో నిద్రపోతూ ఉంటుంది. వేడి తగిలితేనే మేల్కొంటుంది. ఎండలో ఎండినప్పుడు కొంత, ఉడికించినప్పుడో వేయించినప్పుడో కొంత మేల్కొంటుంది. ఎంత మేల్కొన్నదో చెప్పగల కొలబద్ద కాశీ అంగట్లో లేదు. ఒకే చేతి ముద్దలు, ఒకే గ్లాసు, అయినా నిన్నటిది వేరు, నేటిది వేరు.

ఆ కొలబద్ద కెనడాలో ఉన్నది. 2023 వేసవిలో టొరంటో దగ్గర మా అమ్మాయి ఇంట నాలుగు నెలలున్నాము. ఆ దేశంలో 2018 అక్టోబరు 17 నుండి గంజాయి శాసనసమ్మతం. తినేవీ త్రాగేవీ సరిగ్గా మరొక సంవత్సరానికి, 2019 అక్టోబరు 17న, నిబంధనల్లోకి వచ్చాయి. ఒకనాడు మా అల్లుడు నన్ను అటువంటి దుకాణానికి తీసుకువెళ్ళాడు. "మామయ్యగారూ, కాశీ కథ చెప్పారు కదా, ఇదీ చూడండి" అన్నాడు. దుకాణం మందులషాపు వలె ఉన్నది. వాసన లేదు, సందడి లేదు. సోడాడబ్బా వంటి డబ్బా, 355 మిల్లీలీటర్లు. దాని మీద ఎఱ్ఱని హెచ్చరిక గుర్తు, ఎన్ని మిల్లీగ్రాముల మత్తుపదార్థం ఉన్నదో అంకె. ఒక్కొక్క పొట్లానికి గాని డబ్బాకు గాని 10 మిల్లీగ్రాములు దాటరాదు. మద్యం కలపరాదు. పసిపిల్లలు తెరవలేని మూత ఉండవలె.

మా అల్లుని మిత్రుడు ఒకడు, రసాయనశాస్త్రం చదివిన తెలుగు కుర్రవాడు, అటువంటి సారాలు తీసే కర్మాగారంలో పని చేసేవాడు. ఒక ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు అతణ్ణి కూర్చోబెట్టి పాఠం చెప్పించుకున్నాను. సారం తీయడానికి బ్యూటేన్ వాయువో, ఆల్కహాలో వాడి కరిగించడం ఒక మార్గం. ఏ ద్రావకమూ లేకుండా తీయడం రెండవ మార్గం. దానికే అక్కడ గౌరవం, ధరా ఎక్కువ. మార్గం చెబుతాను వినండి. ఈ మొక్క పువ్వుల మీద, పువ్వు చుట్టూ ఉండే చిట్టి ఆకుల మీద సన్నని నూగు ఉంటుంది. భూతద్దంలో చూస్తే కాడ మీద మంచుబిందువు నిలిపినట్లుంటుందట. మత్తంతా ఆ బిందువులోనే. పువ్వులను మంచుగడ్డలు వేసిన నీళ్ళలో వేసి మెల్లగా కలుపుతారు. చలికి ఆ బిందువులు పెళుసై కాడల నుండి విరిగిపోతాయి, నీటికన్న బరువు గనుక అడుగుకు దిగుతాయి. ఆ నీటిని సన్నని జల్లెడసంచుల వరుస గుండా పోస్తారు. పై సంచిలో చెత్త నిలుస్తుంది, 70 నుండి 120 మైక్రాన్ల మధ్య మేలైన రజను నిలుస్తుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఆ రజనును చలిలోనే ఆరబెడతారు. తేమ మిగిలితే బూజు పడుతుంది. దానిని పట్టుగుడ్డ వంటి సన్నని సంచిలో పెట్టి వెచ్చని ఇనుపపలకల మధ్య నొక్కితే తేనె వంటిది కారుతుంది. దానికి రోజిన్ అని పేరు.

నాకు శంక కలిగింది. "నీళ్ళు వాడారు కదా బాబూ, ద్రావకరహితం ఎట్లా అయింది?" అన్నాను. అతడు నవ్వి, "నీళ్ళలో అది కరగదు కదండీ మాస్టారూ, నీళ్ళు మోసుకుపోతాయంతే" అన్నాడు. అతివ్యాప్తి దోషం తొలగింది. అయితే కాశీవాని పాలు? వెన్నలో సారం కరుగుతుంది గనుక పాలే ద్రావకం! ఆ లెక్కన ఆధునికుని మంచునీళ్ళ పద్ధతి ద్రావకరహితం, మన ముదుసలి సన్నికల్లు పద్ధతి ద్రావకసహితం. అతడు కొంచెంసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. మా అమ్మాయి "నాన్నగారూ, అన్నం చల్లారుతోంది" అన్నది.

రోజిన్‌ను అట్లాగే నీళ్ళలో వేస్తే నూనెచుక్కలా పైన తేలుతుంది. మొదటి గుటకలో మత్తంతా వచ్చి, మిగిలినది వట్టి సోడా కావచ్చు. అందుకని ముందు దానికి తగిన వేడి తగిలించి ఆమ్లరూపాన్ని మేల్కొలిపి, తుమ్మజిగురు వంటి వాటితో కలిపి, కంటికి కనబడనంత సన్నని తుంపరలుగా చీల్చి నీళ్ళలో నిలుపుతారు. తుంపర ఎంత సన్నమైతే అంత వేగంగా ఒంట బడుతుంది. గంటన్నర పట్టేది పావుగంట, అరగంటలకే తెలుస్తుందట. శార్ఙ్గధరుని వ్యవాయి లక్షణం ఇన్ని శతాబ్దాల తరువాత టొరంటో డబ్బాలో కుదిరినట్లున్నది!

నేను ఆ డబ్బా త్రాగలేదు. రక్తపోటు మాత్రలు మొదలయ్యాయి. అయినా ఒక మాట చెప్పాలి. ఆ దేశంలోనూ అంతా సవ్యంగా లేదు. తినుబండారాలు అంగళ్ళకు వచ్చాక, తెలియక తిని ఆసుపత్రులకు చేరిన పసిపిల్లల సంఖ్య పెరిగిందని అక్కడి వైద్యులే లెక్కలు కట్టి ప్రచురించారు. డబ్బా మూత గట్టిగా ఉండడానికి కారణం అదే. గంజాయి మంచిదని వాదించడానికి నేనిది వ్రాయడం లేదు. పదవ తరగతిలో చురుకైన పిల్లలు ఈ పొగ మరిగి, ఆర్నెల్లలో అక్షరం ముందు మొద్దుబారి కూర్చోవడం నా కళ్ళతో చూచినవాణ్ణి.

ఇక మూడవది. నేను పని చేసినది నర్సీపట్నం చుట్టుపక్కల పల్లెల్లో. పైన కొండలు, మన్యం. ఆ కొండల్లో ఎన్నో యేండ్లుగా దొంగతనంగా పండినది శీలావతి అనే రకం. ఆ పేరు పెట్టినవాడెవడో గాని, పతివ్రతల పేర్లు చెప్పి పాఠాలు చెప్పిన నా బోటివాడికి ప్రాణం చివుక్కుమంటుంది. 2021 చివరలో పోలీసులు 'పరివర్తన' పేరుతో ఆ తోటలను వేల ఎకరాల్లో నరికించారు. నరికినా బస్తాలు దిగుతూనే ఉన్నాయి. బస్తా దింపేవాడు పండించేవాడు కాడు, అమ్మేవాడూ కాడు. మధ్యన కూలికి మోసేవాడు. అటువంటి కూలివాళ్ళలో నా శిష్యుడొకడు పట్టుబడ్డాడు. ఛందస్సు చక్కగా చదివిన పిల్లవాడు. పేరు వద్దు. రెండు సంచులు, తూకం ఇరవై కిలోల మీద కొంచెం.

వాళ్ళ నాన్న కాగితాలు పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోడు. "మేస్టారూ, కాశీలో గవర్మెంటోలే అమ్ముతారంట గదండీ. మా వోడు మోసిందీ ఆకే గదా. ఆకయితే ఒగ్గేత్తారంటన్నారు, నిజవేనేటండీ?" అని అడిగాడు. ఎవరో చెప్పిన సగం మాట అది. ఆ సగం మాట వెనుక చట్టం ఉన్నది. 1985 నాటి మత్తుపదార్థాల చట్టం గంజాయికిచ్చిన నిర్వచనం, 1961 నాటి అంతర్జాతీయ ఒడంబడికలోని మాటలను అనుసరించినదే. గంజాయి అంటే ఆ మొక్క పూసిన లేదా కాసిన కొనలు. ఆకులూ గింజలూ, కొనలతో కలసి లేనప్పుడు, గంజాయి కావు. ఈ ఒక్క వెసులుబాటు వల్ల ఉత్తరప్రదేశ్‌లో ఆకు దుకాణం తెరచి ఉన్నది. ఆకు సంగతి రాష్ట్రాల ఆబ్కారీ చట్టాల వంతు. మొక్క నుండి వేరుచేసిన జిగురు, ముడిదైనా శుద్ధి చేసినదైనా, చరస్. ఇంకొక మాట కూడా అందులోనే ఉన్నది: వీటితో చేసిన పానీయం ఏదైనా అంతే. కనుక కాశీ ముదుసలి ఆకు నూరితే వ్యాపారం. ఆ ముద్ద బదులు టొరంటో కుర్రవాని మంచునీళ్ళ రజను అర చెంచా వేస్తే అదే గ్లాసు నేరమవుతుంది.

దీనికి పూర్వరంగం ఉన్నది. బ్రిటిషువారు 1893లో ఒక సంఘాన్ని వేసి ఈ మొక్క సంగతి విచారింపజేశారు. పదకొండు వందలకు పైగా సాక్షులను విచారించి 1894లో సంపుటాలకు సంపుటాలు వ్రాశారు. మితంగా వాడితే హాని దాదాపు లేదు, అమితమైతే చేటు. నిషేధం వద్దు, పన్నులతోనూ లైసెన్సులతోనూ అదుపు చేయండి అన్నారు. అప్పటి కృష్ణా జిల్లాలో, బాపట్ల వైపు దగ్గుబాడులో సాగయ్యే గంజాయి ప్రస్తావన కూడా అందులో వచ్చింది. తెలుగుదేశానికి ఇది కొత్త కాదనడానికి ఆ మాత్రం చాలు.

ఇదంతా ఆయనకు చెప్పి ఏమి ప్రయోజనం? ఆయనకు కావలసినది ఒక్కటే, కొడుకు ఎప్పుడు వస్తాడని. చట్టంలో గంజాయి ఒక కిలో దాకా స్వల్పం. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. అప్పుడు శిక్ష పదేండ్ల నుండి ఇరవై యేండ్లు, లక్ష నుండి రెండు లక్షల జరిమానా. బెయిలు కూడా, నిర్దోషి అనడానికి ఆధారముందనీ, బయటికి వచ్చి మళ్ళీ చేయడనీ న్యాయస్థానానికి నమ్మకం కలిగితేనే ఇస్తారు. మధ్య తరగతి పరిమాణమైతే ఆ కట్టుబాటు ఉండదు. శిక్ష పదేండ్ల లోపు. ఆ సంచుల్లో ఆకూ కాడా గింజా తీసివేస్తే తూకం 20 లోపుకు దిగుతుందా? మా ఊరి వకీలుగారు పట్టుకున్నది ఈ దారాన్నే.

అక్కడే వ్యాకరణం అడ్డం వస్తుంది. 'కొనలతో కలసి లేనప్పుడు' అన్నది విశేషణం. ఆకు ఒంటరిగా ఉంటే మినహాయింపు. పువ్వుతో కలసి సంచిలో ఉంటే దానికి ఆ మినహాయింపు వర్తించదని సర్కారు పక్షం చదువుతుంది. కొన నుండి రాలి విడిపోయిన ఆకు కలసి ఉన్నట్లా, లేనట్లా అని ముద్దాయి పక్షం అడుగుతుంది. వకీలుగారు ఆంగ్లపాఠం నా ముందు పెట్టి, "పంతులుగారూ, అన్వయం మీరు చెప్పండి" అన్నారు. ఆ షరతు గింజలకూ ఆకులకూ రెంటికీ అంటుతుందా, ఆకులకే అంటుతుందా అని మేమిద్దరం ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాము. నా అభిప్రాయం ఆకులూ గింజలూ రెంటికీ అంటుతుందనే. అది మా కుర్రవాడికి అనుకూలం కాదు. అన్వయం అనుకూలాన్ని బట్టి మారదు గనుక ఉన్నదున్నట్లు చెప్పాను. విడిపోయిన ఆకు మాట మాత్రం వాదించదగినదేనన్నాను. పంచనామాలో సంచులను విప్పి పువ్వెంత, ఆకెంత అని వేరు చేసి తూచినట్లు ఎక్కడా వ్రాయలేదు. అది ఆయన గుర్తించుకున్నారు.

వాళ్ళ నాన్న కోసం ఆ నిర్వచనాన్ని చిన్న చిన్న తెలుగు వాక్యాల్లో ఒక కాగితం మీద వ్రాసి ఇచ్చాను. ఆయన చదవలేడు. చిన్న కూతురు చేత చదివించుకుంటానన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అయితే ఆకు తియ్యరన్నమాట, తూకంలోంచి" అన్నాడు. ఇంకా తేలలేదు, వాదన ఉన్నది అన్నాను. వాయిదా వచ్చే నెల పదునాలుగున.